మెషిన్ పాడవలేదు, ఇంకొకరి చేతిలో ఉంది

ప్లగ్గూ పెట్టె – మన ఇంటి టెక్నాలజీ శీర్షిక



ఈ నెల ప్రశ్న టెక్సస్ నుంచి వచ్చింది. పంపినావిడ స్టిక్కర్లు, ముగ్గుల స్టెన్సిళ్ళు కత్తిరించే వినైల్ కటింగ్ మెషిన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. ఆడపడుచు సీమంతానికి పసుపు కుంకుమ డబ్బాల మీద అతికించడానికి రెండు వందల స్టిక్కర్లు చేసిస్తానని ఒప్పుకున్నారు కూడా. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కదా, అందుకని దాంట్లో లైనక్స్ వేసుకున్నారు. మెషిన్ కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌కి లేదు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాముకి ఒక ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే అది మెషిన్‌తో నేరుగా మాట్లాడుతుందని తెలుసుకుని, అదీ పెట్టుకున్నారు.

కేబుల్ గుచ్చి బొమ్మ పంపిస్తే మొదట "అనుమతి లేదు" అంది. ఎవరో సుడోతో నడపమన్నారు. అలా చేస్తే ఆ మాట పోయి "రిసోర్స్ బిజీ" అంది. గ్రూపులో అడిగితే కేబుల్ మార్చమని ఒకరు, మళ్ళీ విండోస్ వేసేయమని ఒకరు, సెకండ్ హ్యాండ్ కొంటే ఇంతేనని ఇంకొకరు. ఆవిడ కేబుల్ మార్చారు, ఏం తేడా రాలేదు. "ఫంక్షన్ ఇంకా తొమ్మిది రోజులే ఉంది. కొత్త మెషిన్ కొనేయమంటారా?" అని అడిగారు.

వద్దండీ, కొనకండి. "బిజీ" అంటే పాడైందని కాదు. మెషిన్ బతికే ఉంది, కంప్యూటర్‌కి కనిపిస్తూనే ఉంది, కాకపోతే ఆ సమయానికి ఇంకొకరి చేతిలో ఉంది. ఆ ఇంకొకరెవరో తెలిస్తే పది నిమిషాల పని. ఇది ఒక్క కటింగ్ మెషిన్‌కే కాదు. లేబుల్ ప్రింటర్, కెమెరా, పిల్లల సైన్స్ ప్రాజెక్టు బోర్డు, టీవీ డాంగిల్, అన్నిటికీ ఇదే కథ. అందుకని ఈసారి కాస్త వివరంగా చెప్పుకుందాం.

గర్భగుడి, అర్చకుడు, మనం

కంప్యూటర్లో కెర్నల్ అనే భాగం ఉంటుంది. గుడిలో గర్భగుడి లాంటిదనుకోండి. పరికరాలన్నీ దాని ఆధీనంలో ఉంటాయి. ఒక్కో రకం పరికరానికి ఒక్కో డ్రైవర్, అంటే అర్చకుడన్నమాట. మనం వాడే ప్రోగ్రాములు బయట నిలబడే భక్తులు. పువ్వులిచ్చినా కొబ్బరికాయ ఇచ్చినా అర్చకుడి చేతికే ఇవ్వాలి. ప్రోగ్రాములు నిలబడే ఆ బయటి జాగానే యూజర్ స్పేస్ అంటారు. ఒక యాప్ తప్పు చేసినా కంప్యూటర్ మొత్తం కూలిపోకూడదని ఈ ఏర్పాటు.

ఇది చాలావరకు బాగానే నడుస్తుంది. కానీ కొన్ని పరికరాలకి సరైన అర్చకుడు ఉండడు, లేదా ఉన్నవాడికి మనకి కావలసిన సేవ తెలియదు. కటింగ్ మెషిన్‌కి బ్లేడు ఎంత లోతు దిగాలి, ఎంత వేగంగా కదలాలి అన్న సంగతులు ప్రింటర్ డ్రైవర్‌కేం తెలుసు? అలాంటప్పుడు ప్రోగ్రామే నేరుగా పరికరంతో మాట్లాడుకునే వీలు కూడా ఉంది. శ్రీశైలంలో స్పర్శ దర్శనం ఉంటుంది చూడండి, అలాగ. ఆ దారి చూపించే లైబ్రరీ పేరు లిబ్‌యూఎస్‌బీ. ఉచితంగా దొరుకుతుంది. లైనక్స్, విండోస్, మ్యాక్ మూడిట్లోనూ పనిచేస్తుంది. మీరు పేరు వినకపోయినా మీ కంప్యూటర్లో ఏదో ఒక ప్రోగ్రాము దాన్ని వాడుతూనే ఉండి ఉంటుంది.

దీనికొక కచ్చితమైన నియమం ఉంది. పరికరంలో ఒక్కో పనికి ఒక్కో ఇంటర్‌ఫేస్ ఉంటుంది. ఒక ఇంటర్‌ఫేస్‌ని ఒక సమయంలో ఒక్కరే పట్టుకోగలరు. అర్చకుడు లోపల ఉండగా మనం తలుపు తోస్తే "బిజీ" అనే జవాబు వస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అన్నారు కదా పెద్దలు, యూఎస్‌బీలో అది సామెత కాదు, చట్టం.

డ్రైవర్ ఎందుకు ముందే వచ్చి కూర్చుంటుంది?

కేబుల్ గుచ్చగానే పరికరం తనని తాను పరిచయం చేసుకుంటుంది. ఫలానా కంపెనీ నంబరు, ఫలానా మోడల్ నంబరు, నాలో ఇన్ని ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి, అవి ఫలానా తరగతివి అని చెప్పుకుంటుంది. తరగతులకి అంకెలున్నాయి. కీబోర్డు, మౌస్ లాంటివి 3. ప్రింటర్లు 7. పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్ 8. ఆ అంకె చూసి కెర్నల్ సరిపోయే డ్రైవర్‌ని వెంటనే కూర్చోబెడుతుంది. మనం గుచ్చగానే మౌస్ కదిలేది ఇందువల్లే.

కొన్ని కటింగ్ మెషిన్లు తమని తాము 7వ తరగతి అని, అంటే ప్రింటర్ అని చెప్పుకుంటాయి. లైనక్స్ పాపం నమ్మేసి యూఎస్‌బీఎల్‌పీ అనే ప్రింటర్ డ్రైవర్‌ని పంపిస్తుంది. అది వచ్చి కూర్చుంటుంది. తర్వాత ఇంక్‌స్కేప్ ఎక్స్‌టెన్షన్ వచ్చి తలుపు తడుతుంది. మన టెక్సస్ చెల్లెలి ఇంట్లో జరిగింది ఇదే. డ్రైవర్ తప్పూ లేదు, ఎక్స్‌టెన్షన్ తప్పూ లేదు. ఇద్దరికీ మధ్య ఎవరూ మాట్లాడలేదు, అంతే.

ముందు ఏ ఎర్రర్ వచ్చిందో చదవండి

మనం ఎర్రర్ అనగానే విండో మూసేస్తాం. దాంట్లో ఉన్న అంకెలోనే సగం జవాబు ఉంటుంది. లిబ్‌యూఎస్‌బీ ఇచ్చే అంకెల్లో మనకి తరచూ తగిలేవి ఇవి:

మైనస్ 3: అనుమతి లేదు. పరికరం ఉంది, తెరిచే హక్కు మీ లాగిన్‌కి లేదు.

మైనస్ 4: పరికరం లేదు, లేదా మధ్యలో ఊడిపోయింది. కేబుల్ మార్చమన్న సలహా పనికొచ్చేది ఇక్కడే.

మైనస్ 6: బిజీ. ఇంకొకరు పట్టుకుని ఉన్నారు.

మైనస్ 12: ఈ పని ఇక్కడ కుదరదు. విండోస్‌లో ఇది వస్తే ఎక్కువగా ఆ పరికరానికి సరైన డ్రైవర్ పెట్టలేదని అర్థం.

పైథాన్‌తో రాసిన ప్రోగ్రాములు లైనక్స్‌లో ఇదే విషయాన్ని వేరే అంకెలతో చెబుతాయి. అనుమతి లేకపోతే 13, బిజీ అయితే 16.

చూశారా, "అనుమతి లేదు", "బిజీ" రెండూ వేర్వేరు జబ్బులు. సుడో మొదటిదానికి మందు, రెండోదానికి కాదు. పైగా సుడో అంటే ఇంటి బీరువా తాళాలన్నీ ఇచ్చేయడమే. ఒక స్టిక్కర్ కోసం అంత అవసరం లేదు.

లైనక్స్ వాడేవాళ్ళకి

(కమాండ్ల పేర్లు ఎలా పలుకుతామో అలా రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.)

మొదటి మెట్టు, ఎవరు పట్టుకున్నారో చూడటం. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొడితే పరికరాల జాబితా, వాటి కంపెనీ నంబరు, మోడల్ నంబరు వస్తాయి. అదే కమాండ్ పక్కన ఖాళీ వదిలి మైనస్ టీ అని కొడితే చెట్టులాగా వచ్చి, ఒక్కో ఇంటర్‌ఫేస్ పక్కన ఏ డ్రైవర్ ఉందో కనిపిస్తుంది. మన చెల్లెలు చూస్తే మెషిన్ పక్కన యూఎస్‌బీఎల్‌పీ అనే ఉంది. దొంగ దొరికాడన్నమాట. దొంగ అనడం కూడా తప్పే, పాపం తన డ్యూటీ తను చేస్తున్నాడు.

రెండో మెట్టు, తాత్కాలికంగా లేపి చూడటం. సుడో మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్ యూఎస్‌బీఎల్‌పీ అని కొడితే ఆ డ్రైవర్ పక్కకి తప్పుకుంటుంది. ఇప్పుడు మళ్ళీ ఇంక్‌స్కేప్ నుంచి పంపి చూడండి. పనిచేస్తే మన అనుమానం నిజమే. పనిచేయకపోయినా నష్టం లేదు, కేబుల్ తీసి పెడితే డ్రైవర్ మళ్ళీ వస్తుంది. మన చెల్లెలి మెషిన్ ఇక్కడే కదిలింది.

మూడో మెట్టు, శాశ్వతంగా సర్దుకోవడం. ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో డాట్ కాన్ఫ్ అని ముగిసే కొత్త ఫైల్ పెట్టి, బ్లాక్‌లిస్ట్ యూఎస్‌బీఎల్‌పీ అని ఒక్క వరుస రాసి రీస్టార్ట్ చేయండి. "మరి ఇంట్లో మామూలు ప్రింటర్ ఆగిపోదా?" అంటారేమో. ఆగదు. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే వ్యవస్థ యూఎస్‌బీ ప్రింటర్లతో లిబ్‌యూఎస్‌బీ ద్వారానే మాట్లాడుతుంది. ప్రింట్ పంపినప్పుడు యూఎస్‌బీఎల్‌పీని అదే పక్కకి జరిపి, పని అయ్యాక మళ్ళీ పిలుస్తుంది. ఒక్క జాగ్రత్త. కొన్ని లేబుల్ ప్రింటర్ ప్రోగ్రాములు యూఎస్‌బీఎల్‌పీ తయారుచేసే ఎల్‌పీ0 అనే ఫైల్‌కి నేరుగా రాస్తాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ మూడో మెట్టు వద్దు, కావలసినప్పుడు రెండో మెట్టు ఎక్కితే చాలు.

నాలుగో మెట్టు, సుడో వదిలించుకోవడం. యూడెవ్ అనే వ్యవస్థకి చిన్న నియమం రాసిపెడితే, ఫలానా కంపెనీ నంబరు, ఫలానా మోడల్ నంబరు ఉన్న పరికరాన్ని కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి వాడుకోవచ్చు అని ఒప్పుకుంటుంది. యూయాక్సెస్ అనే ట్యాగ్ ఆ పని చేస్తుంది. ఆ ఫైల్ పేరు 73 కంటే చిన్న అంకెతో మొదలవ్వాలి, లేకపోతే ట్యాగ్ పట్టించుకోదు. చాలా ఎక్స్‌టెన్షన్లతో పాటు ఈ ఫైల్ తయారుగానే వస్తుంది, చూసి కాపీ చేసుకోవడమే. ఇంటర్నెట్‌లో కొందరు 0666 పెట్టేయండి అంటారు. అంటే ఆ కంప్యూటర్లో ఎవరైనా, ఏ ప్రోగ్రామైనా ఆ పరికరాన్ని వాడుకోవచ్చని. వీధి తలుపు తీసిపెట్టి పడుకోవడం లాంటిది, అలా చేయకండి.

విండోస్ వాడేవాళ్ళకి

ఇక్కడ పద్ధతి వేరు. లైనక్స్‌లో లాగా ప్రోగ్రామే డ్రైవర్‌ని కాసేపు పక్కకి జరపలేదు. ఆ పరికరానికి ఉన్న డ్రైవర్ తీసి, విన్‌యూఎస్‌బీ అనే మైక్రోసాఫ్ట్ వారి సాధారణ డ్రైవర్‌ని దాని జాగాలో పెట్టాలి. కొత్తగా తయారయ్యే కొన్ని పరికరాలు గుచ్చగానే "నాకు విన్‌యూఎస్‌బీ ఇవ్వు" అని అవే అడుగుతాయి. విండోస్ 8 నుంచి ఆ సౌకర్యం ఉంది. అడగని పాతవాటికి జాడిగ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది, అది మార్చిపెడుతుంది.

జాడిగ్ మంచిదే కానీ కత్తిపీట లాంటిది. మామూలుగా డ్రైవర్ లేని పరికరాల్ని మాత్రమే చూపిస్తుంది. ఆప్షన్స్‌లో లిస్ట్ ఆల్ డివైసెస్ అని పెడితే అన్నీ చూపిస్తుంది, మీ కీబోర్డు, మౌస్‌తో సహా. తొందరలో కీబోర్డు మీద నొక్కారనుకోండి, కీబోర్డు మూగబోతుంది. అందుకని రీప్లేస్ అని నొక్కే ముందు స్క్రీన్ మీద ఉన్న యూఎస్‌బీ నంబర్లు మీ పరికరానివేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పాత డ్రైవర్ పేరు ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకోటి, డ్రైవర్ మార్చాక కంపెనీ ఇచ్చిన సొంత సాఫ్ట్‌వేర్‌కి ఆ మెషిన్ కనిపించకపోవచ్చు. కంగారు పడకండి. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి, అన్‌ఇన్‌స్టాల్ అని, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా తీసేయమనే గడిలో టిక్ పెట్టి, కేబుల్ తీసి మళ్ళీ గుచ్చితే పాతది తిరిగి వస్తుంది.

మ్యాక్ వాడేవాళ్ళకి ఒక్క ముక్క. అక్కడ డ్రైవర్‌ని పక్కకి జరపాలంటే రూట్ హక్కులుండాలి, లేదా ఆ ప్రోగ్రాముకి ఆపిల్ ఇచ్చిన ప్రత్యేక అనుమతి ఉండాలి. కాబట్టి ముందు మ్యాక్ కోసం తయారుచేసిన ప్రోగ్రామే వెతుక్కోండి.

పట్టుకున్నది డ్రైవరే అవ్వాలని లేదు

ఒక్కోసారి ఇద్దరు భక్తులే తగవు పడతారు. డిజిటల్ కెమెరాని కంప్యూటర్ నుంచి నడిపించే జీఫోటో2 అనే ప్రోగ్రాము ఉంది. పాపాయి ఫోటోషూట్లకీ, టైమ్ ల్యాప్స్‌లకీ బాగుంటుంది. లైనక్స్ డెస్క్‌టాప్‌లో కెమెరా గుచ్చగానే ఫైల్ మేనేజర్ ముందే వెళ్ళి దాన్ని మౌంట్ చేసేస్తుంది. జీఫోటో2 వచ్చేసరికి "పరికరాన్ని తీసుకోలేకపోయాను" అంటుంది. ఇక్కడ కెర్నల్ ప్రమేయం లేదు. ఫైల్ మేనేజర్‌లో కెమెరాని అన్‌మౌంట్ చేస్తే చాలు. మ్యాక్‌లోనూ వెనకాల కెమెరా కోసం కాచుకుని ఉండే సిస్టమ్ ప్రోగ్రాము ఇదే పని చేస్తుంది.

పిల్లలు హామ్ రేడియో అంటూ చవక టీవీ డాంగిల్ తెచ్చుకుంటే అక్కడా ఇదే ఎదురవుతుంది. ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న టీవీ డాంగిళ్ళని రేడియో రిసీవర్లుగా వాడుకోవచ్చని 2012లో బయటపడింది. కానీ లైనక్స్ దాన్ని టీవీ డాంగిల్‌గానే గుర్తుపట్టి టీవీ డ్రైవర్‌ని ఎక్కిస్తుంది. రేడియో ప్రోగ్రాముకి మైనస్ 6 వస్తుంది. మందు అదే, టీవీ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్ చేయడం.

అసలు డ్రైవర్‌ని కదపాలా?

ఇది ముఖ్యం. డ్రైవర్‌ని లేపడం ఆఖరి మార్గం. ఉన్న డ్రైవర్ ద్వారానే పని జరిగితే తగవే లేదు. కీబోర్డు తరగతిలో చేరే చిన్న చిన్న పరికరాలకి హెచ్‌ఐడీఏపీఐ అనే లైబ్రరీ ఉంది, అది డ్రైవర్‌ని కదపకుండా దానితోనే కబురు పంపిస్తుంది. పిల్లల ఆర్డుయినో బోర్డులు సీరియల్ పోర్టుగా కనిపిస్తాయి, వాటికి సీరియల్ పోర్టే చాలు.

పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్‌ల జోలికి మాత్రం అస్సలు వెళ్ళకండి. ఫైళ్ళు తెరిచి ఉండగా ఆ డ్రైవర్‌ని తప్పిస్తే, రాస్తున్న డేటా మధ్యలోనే పోతుంది. పెళ్ళి వీడియోలు, పిల్లల ఫోటోలు అందులోనే కదా ఉండేది.

మనలో కోడ్ రాసేవాళ్ళకి

ఐటీలో ఉన్నవాళ్ళు గ్రూపులో చాలామందే ఉన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు. లిబ్‌యూఎస్‌బీలో కెర్నల్ డ్రైవర్‌ని తనంతట తనే జరిపి, మీరు వదలగానే తిరిగి పెట్టే ఆటో డిటాచ్ సౌకర్యం ఉంది. పరికరం తెరవగానే అది ఆన్ చేయండి. ఆ సౌకర్యం లేని చోట మైనస్ 12 వస్తుంది, దాన్ని ఎర్రర్‌గా కాకుండా సమాచారంగా తీసుకుని ముందుకు వెళ్ళండి. తర్వాత మీకు కావలసిన ఒక్క ఇంటర్‌ఫేస్‌నే తీసుకోండి. హెడ్‌సెట్‌లో సౌండ్ ఒక ఇంటర్‌ఫేస్, బటన్లు ఇంకొకటి. బటన్ల కోసం సౌండ్ ఆపేయడం ఎందుకు? పని అయ్యాక వదలండి, మూయండి. మధ్యలో ఎర్రర్ వచ్చినా ఆ వదిలే వరుస తప్పకుండా నడిచేలా రాయండి. లైనక్స్‌లో మీ ప్రోగ్రాము ఠపీమని చచ్చిపోతే కెర్నల్ డ్రైవర్ దానంతట అది తిరిగి రాదు. వాడేవాళ్ళు కేబుల్ తీసి మళ్ళీ పెట్టాలి. ఆ సంగతి మీ సూచనల్లో రాసిపెడితే, ఎక్కడో ఒక ఆడపడుచుకి ఒక రోజు మిగులుతుంది.

బ్రౌజర్ వాడేవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. క్రోమ్‌లో 2017 నుంచి వెబ్‌యూఎస్‌బీ ఉంది. మీరు జాబితాలో ఎంచుకుంటే వెబ్‌సైటే పరికరంతో నేరుగా మాట్లాడుతుంది. కీబోర్డులు, డిస్కులు, వెబ్‌క్యామ్‌లు, స్మార్ట్ కార్డుల తరగతుల్ని బ్రౌజర్ ముట్టుకోనివ్వదు. అయినా సరే, తెలియని సైట్ "కనెక్ట్" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి.

గ్రూపులో అడిగేటప్పుడు

ఇకమీద ఏ పరికరమైనా మొరాయిస్తే చెత్తబుట్టకో కొత్తదానికో వెళ్ళేముందు మూడు విషయాలు గ్రూపులో పెట్టండి. మీది విండోసా, లైనక్సా, మ్యాకా. వచ్చిన ఎర్రర్ అంకె ఎంత. ఆ పరికరం పక్కన ఏ డ్రైవర్ పేరు ఉంది. లైనక్స్‌లో అది ఎక్కడ దొరుకుతుందో పైన చెప్పాను. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో ఉంటుంది. ఈ మూడూ ఉంటే చెప్పేవాళ్ళకి జవాబు తేలిక, అడిగేవాళ్ళకి డబ్బు మిగులు. డ్రైవర్లు సరిచేస్తామని పాప్ అప్‌లలో వచ్చే ప్రోగ్రాముల్ని మాత్రం దించుకోకండి. ఎవరు పట్టుకున్నారో అవి చూడవు, ఇంకో నలుగుర్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెడతాయి.

టెక్సస్ చెల్లెలు మూడో మెట్టు, నాలుగో మెట్టు కూడా పూర్తి చేశారు. ఇప్పుడు సుడో లేకుండానే కత్తిరిస్తున్నారు. రెండు వందలూ అయ్యాక ముగ్గుల స్టెన్సిళ్ళ డిజైన్లు గ్రూపులో పెడతానన్నారు. సంక్రాంతికి ముందే పెట్టమని నా తరఫున మీరూ గట్టిగా అడగండి.